యుద్ధవిమానముల మ్యూజియమునకు అధిపతి యెవరు?

యుద్ధవిమానములను భద్రపరచి ప్రజలకు చూపు మ్యూజియములకు అధిపతులుగా నియమింపబడువారు వైమానికదళమున పనిచేసినవారై యుండవలెనా? విమానచరిత్రను పఠించిన పండితులైన చాలునా? ఈ రెండింటిలో నేదియు లేక, కార్యనిర్వహణమున ఆరితేరినవారైనను చాలునా? అమెరికా, ఇంగ్లండు దేశములలో ఈ వాదము పలుమారులు లేచినది. ఇది మనకు దూరపు ముచ్చటయని పాఠకులు తలపవచ్చును. కాని విశాఖపట్టణపు సముద్రతీరమున 2017 డిసెంబరు నుండి మన నౌకాదళపు పెద్ద విమానమొకటి మ్యూజియముగా నిలిచియున్నది. అది యచ్చట నున్నంతకాలము ఈ ప్రశ్న మనది కూడ నగును.

సైనికులే యుండవలెనను వారి వాదమున బలము లేకపోలేదు. చలికి చేతులు కొంకర్లు పోవుచుండగా, క్రిందినుండి ఫిరంగులు ప్రేలుచుండగా, గంటలకొలది విమానమున గూర్చుండినవానికి తెలిసిన సంగతి పుస్తకములలో దొరకదు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఇట్టి మ్యూజియములకు చేరు వస్తువులలో పెక్కు సామాన్యుల యిండ్లనుండి వచ్చునవే. చనిపోయిన కుమారుడు వ్రాసిన జాబులు, తాను చేసిన ప్రయాణములను గుర్తించుకొనిన చిట్టాపుస్తకము, ఒక పాత టోపీ. వానిని తల్లిగాని భార్యగాని ఎవరి చేతిలో పెట్టును? తన బిడ్డతోడివాడని తోచినవానిని నమ్మినట్లు పరాయివానిని నమ్మదు.

వాషింగ్టను నగరమందలి స్మిత్‌సోనియన్ సంస్థవారి వైమానిక, అంతరిక్ష మ్యూజియము చరిత్ర మొదట ఈ పక్షమునకే అనుకూలముగా కాన్పించును. 1969లో తన సహచరులిద్దరు చంద్రునిపై నడచుచుండగా చంద్రుని చుట్టును ఒంటరిగా తిరిగిన మైకేల్ కాలిన్స్ 1971లో దానికి డైరెక్టరయ్యెను. ఆయన వాయుసేనలో క్రొత్త విమానములను పరీక్షించిన వైమానికుడు. అయినను 1976 జూలై 1వ తేదీన, ఆ దేశపు ద్విశతాబ్ది ఉత్సవమునకు మూడు దినములు ముందుగనే, క్రొత్త భవనము ఆయన డైరెక్టరుగా నున్న కాలముననే ప్రజలకు తెరువబడినది. ధనము మంజూరు చేయవలసిన అమెరికా కాంగ్రెసు సభ్యులకు ఆయన మాటయందుండిన గురి ఏ పండితుని మాటయందును ఉండి యుండదని మా యభిప్రాయము.

1987లో ఆ పదవికి మార్టిన్ హార్విట్ వచ్చెను. ఆయన నక్షత్రశాస్త్రజ్ఞుడు, కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబును విడిచిన 'ఎనోలా గే' అను విమానము అప్పటికే ఆ మ్యూజియమువారి కర్మశాలలో మరమ్మతు నందుచుండెను. 1984లో మొదలైన యా పనికి సుమారు 3 లక్షల పనిగంటలు పట్టినవి. బాంబు విడిచి 1995 నాటికి ఏబదియేండ్లు నిండును గనుక, ఆ విమానమును నడుమనుంచి, యుద్ధాంతమును, అణుబాంబును, తరువాతి శీతలయుద్ధమును ఒక్కచోట వివరింపగల ప్రదర్శనమును హార్విట్‌గారు, ఆయన క్రింది చరిత్రకారులును తలపెట్టిరి.

ఆ ప్రదర్శనమునకై వ్రాసిన వివరణ 1994లో బయటికి పొక్కగనే తుఫాను లేచినది. వాయుసేనా సంఘమువారు పుటలను, పటములను లెక్కించిరి. జపానీయుల మరణములను, గాయములను చూపు చిత్రములు 49, అమెరికనులవి 3 మాత్రమే యని వారు చాటిరి. అమెరికనుల కిది పగతీర్చుకొను యుద్ధమనియు, జపానీయులకు తమ సంస్కృతిని పాశ్చాత్య సామ్రాజ్యతత్వమునుండి కాపాడుకొను యుద్ధమనియు అర్థమిచ్చు వాక్యమొకటి అందుండెను. ఆ వాక్యము పిమ్మట తీసివేయబడినది; తీసివేయబడవలసినదే. సామ్రాజ్యతత్వమన నేమో యెరిగిన జాతివారమైన మేము ఆ మాటను ఒప్పుకొనజాలము. చీనాను, కొరియాను జపాను త్రొక్కిన తీరు లోకవిదితము. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి జపాను విమానములే గదా.

తప్పు వాక్యమును దిద్దుట యొకటి, ప్రదర్శనమునే అణచుట వేరొకటి. వ్రాత పలుమారులు మార్చబడినను కోపము చల్లారలేదు. 1994 సెప్టెంబరులో అమెరికా సెనేటు ఆ వివరణను గర్హించుచు ఏకగ్రీవముగా తీర్మానించినది. జపానుపై దండెత్తవలసివచ్చి యున్నచో ఎందరు అమెరికనులు నష్టపడి యుందురన్న అంకెను హార్విట్‌గారు 1995 జనవరిలో 63,000లకు తగ్గింపబూనగా, మాజీ సైనికుల సంఘమగు అమెరికన్ లీజియన్ సంప్రదింపులను త్రెంచుకొని, ప్రదర్శనమును రద్దుచేయవలెనని పట్టుబట్టినది. కాంగ్రెసు సభ్యులు 81 మంది డైరెక్టరును తొలగింపుమని కోరిరి. జనవరి 30న సంస్థ కార్యదర్శి మైకేల్ హేమన్ ఆ ప్రదర్శనమును రద్దుచేసెను. మే నెలలో హార్విట్‌గారు రాజీనామా నిచ్చిరి. జూన్ 28న విమానపు ముందుభాగము, కొద్దిపాటి వ్రాతతో, ప్రజలకు చూపబడినది. 1998 వరకు సుమారు 40 లక్షల మంది దానిని జూచిరి. 1945 ముగియునప్పటికి హిరోషిమాలో చనిపోయిన యించుమించు 1,40,000 మందిని గూర్చి మొదట తలపెట్టిన వివరణలో మిగిలినది అత్యల్పము.

యుద్ధమెరుగని పండితుడు సైనికుల మానమును మంటగలిపెనని ఆనాడు పలువురు తీర్పు చెప్పిరి. ఇచ్చట పాఠకులు చిత్తగింపవలసిన సంగతి యొకటి కలదు. హార్విట్‌గారు 1955 మొదలు 1957 వరకు అమెరికా సైన్యమున పనిచేసినవారు. ఎనివెటాక్, బికినీ దీవులలో జరిగిన అణ్వస్త్ర పరీక్షలకు సైనికుడుగా పంపబడినవారు. ఆ అస్త్రమేమి చేయునో దగ్గరనుండి యెరిగినవారు ఆయనను దూషించినవారిలో ఎందరుండిరి? అయినను ఆ సైనికోద్యోగము ఆయన జమాలో వ్రాయబడలేదు. సైన్యమున పనిచేసెనా యన్నది వారి ప్రశ్న కాదు. మా కథను మేము చెప్పుకొనునట్లే చెప్పునా యన్నదే వారి ప్రశ్న. "అనుభవము" అను మాటక్రింద విధేయతను కోరుట ఇచ్చట మాకు స్పష్టముగా కాన్పించుచున్నది.

హార్విట్‌గారియందు దోషము లేదని మేము చెప్పము. యుద్ధమున పోరాడినవారు ఇంకను వేలకొలది జీవించియుండిరి. వారి మాటను మొదటి చిత్తు వ్రాయుటకు ముందే వినవలసినది, పత్రికలు కేకలు వేసిన పిమ్మట కాదు. సైనికులకు తృప్తి కలిగించుట, బాంబు ఫలితములను గూర్చి ప్రజలచే ఆలోచింపజేయుట, ఈ రెండును ఒక్కటే ప్రదర్శనమున పొసగవని ఆ మ్యూజియపు చరిత్రకారులలో నొకరగు టామ్ క్రౌచ్ డైరెక్టరునకు ముందుగనే వ్రాసి హెచ్చరించెను. ఆ హెచ్చరికను విని ఒక దారిని నిర్ణయించుట అధిపతి పని.

తరువాత ఏమైనదో చూడుడు. 2003 డిసెంబరులో అదే విమానము రెక్కలతోసహా డల్లెస్ విమానాశ్రయము చెంతనున్న క్రొత్త శాలలో నిలుపబడినది. అప్పటి డైరెక్టరు జాన్ డెయిలీ, మెరీనుదళమున జనరలుగా పనిచేసి విరమించినవారు. విమానము కొలతలు, దాని యంత్రశక్తి, అది హిరోషిమాపై తొలి అణ్వస్త్రమును విడిచినదన్న మాట పలకపై వ్రాయబడినవి. చనిపోయినవారి సంఖ్య వ్రాయబడలేదు. పండితులు నిరసన తెలిపిరి, పలక మారలేదు. పండితుడు తన పదవిని పోగొట్టుకొనెను, సేనాని పదవిని నిలుపుకొనెను. చూడవచ్చినవానికి మాత్రము రెండుసార్లును సగము సంగతియే దక్కినది.

ఇంగ్లండులోని కథ వేరు. హెండన్ నందలి రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమునకు మొదటి డైరెక్టరు జాన్ టానర్. ఆయన క్రాన్‌వెల్ వాయుసేనా కళాశాలలో గ్రంథాలయాధికారి. 1972లో తెరువబడిన యా మ్యూజియమును పావుశతాబ్దము నడపినది ఆ పుస్తకములవాడే. 1942లో జర్మనుల 'టిర్పిట్జ్' యుద్ధనౌకపై దాడికి పోయి, నార్వేలో గడ్డకట్టిన సరస్సుపై దిగి మునిగిపోయిన హాలిఫాక్సు విమానమును 1973లో పైకి తీయించి అచ్చటికి చేర్చిరి. దానికి క్రొత్త రేకులు అతికి, క్రొత్త రంగు పూసి మెరిపింపలేదు. సరస్సునుండి వచ్చినట్లే, నలిగి తుప్పుపట్టినట్లే చూపుచున్నారు. అది చూచినవానికి యుద్ధమన నేమో ఎవరును చెప్పనక్కరలేదు. 2015లో ఆ మ్యూజియపు ముఖ్యాధికారిణిగా వచ్చిన మేగీ ఆపిల్‌టన్ ల్యూటన్ పట్టణమున సాంస్కృతిక సంస్థను నడపినవారే కాని సైన్యమునుండి వచ్చినవారు కారు. 2018లో వాయుసేన శతజయంతికి మ్యూజియమును మార్చి తీర్చుటను ఆమెయే నడిపించిరి. ఇక అమెరికాలో డేటన్ నగరమందలి వాయుసేనా మ్యూజియమును 1996 నుండి 2010 వరకు నడపిన చార్లెస్ మెట్‌కాఫ్ మేజరు జనరలే; కాని ఉద్యోగమున ఆయన చూచినది పద్దులు, జీతపు లెక్కలు. సైనికుడే కావలెననువారు ఈయన నేవైపున వ్రాయుదురో!

అట్లని ఎవరైన చాలుననుట మా మతము కాదు. అజ్ఞానము చేయు నష్టము ఆలయములుగల మన గ్రామములవారికి తెలియనిది కాదు. ధర్మకర్త ఆగమము చదివి యుండనక్కరలేదు. కాని ఆగమమున్నదనియు, గోడమీది గీతలు శాసనములనియు ఎరుగని ధర్మకర్త, భక్తితోనే, పుణ్యమునకే, ఉత్సవమునకు ముందు గోడకంతకు సున్నము కొట్టించును. ఆరువందలయేండ్ల యక్షరములు దాని క్రింద మాసిపోవును. విమానముల విషయమునను ఇంతే. 'మెంఫిస్ బెల్' అను ప్రఖ్యాత యుద్ధవిమానమును 1946లో మెంఫిస్ నగరమువారు 350 డాలర్లకు కొని, ప్రేమతో తమయూర నిలుపుకొనిరి. అది యేండ్లతరబడి యెండకు వానకు బయట నుండెను. లోపలి పరికరములను జ్ఞాపకార్థమని జనులు ఊడబెరుకుకొని పోయిరి. 2005లో డేటనుకు చేరి, ఏండ్లకొలది మరమ్మతు పొందిన పిమ్మట 2018 మేలో గాని అది మరల చూడదగినదిగా నిలువలేదు. ఆ నగరమునకు ప్రేమ కొరవడలేదు, ఏది తీయరాదో ఎరిగినవాడు కొరవడెను.

కావున మా పక్షమిది. అధిపతి సైనికుడైన సంతోషమే, కాకున్న లోపము కాదు. ఆ శాలలో పండితులును, పనివారును, పోరాడినవారును తప్పక యుండవలెను. వారు ముగ్గురును "ఇది తప్పు" అని చెప్పినప్పుడు వినగలవాడు, బయటివారు "ఇది దాచుము" అని యొత్తిడి చేసినప్పుడు వినకుండగలవాడు అధిపతి కావలెను. నియమించువారు దరఖాస్తులో రెజిమెంటు పేరును, విశ్వవిద్యాలయపు పేరును చూచుటతోపాటు ఈ రెండు గుణములను పరీక్షింపవలెను.

మన దేశమున ఢిల్లీలోని పాలం మ్యూజియము 1967 నుండి వాయుసేన యధీనముననే యున్నది. 1933లో కరాచీలో మన వాయుసేన నాలుగు వాపిటీ విమానములతో మొదలైనది. ఆ జాతి విమానములలో ప్రపంచమున మిగిలినది పాలమునందలి దొక్కటియే. విశాఖలోని టి.యు.-142 కథ వేరు. రష్యానుండి వచ్చి, సముద్రముమీద జలాంతర్గాములను వెదకుచు 1988 నుండి 29 యేండ్లు మన నౌకాదళమున సేవచేసి, 2017 మార్చిలో అరక్కోణమున విరమించిన విమానమది. నాలుగు యంత్రములకు ఎదురెదురుగా తిరుగు జంట పంకాలు గలది. ఇప్పుడు దానికి యజమాని నౌకాదళము కాదు, నగరాభివృద్ధి సంస్థ. తీరమున దానికెదుట నున్న 'కుర్సురా' జలాంతర్గామి కూడ ఆ సంస్థదే. కుర్సురాలో నౌకాదళమునుండి విరమించినవారు దారిచూపి వివరించుట సందర్శకులకు తెలిసినదే. ఆ యేర్పాటు ఎంత మేలైనదో వారినే అడుగవచ్చును. టి.యు.-142లను నడపినవారు, వాని యంత్రములను విప్పి బిగించినవారు అనేకులు ఇంకను జీవించియున్నారు. వారి జ్ఞాపకములను వ్రాయించి, వారి చిట్టాపుస్తకములను సేకరించుటకు ఆ సంస్థ పద్దులలో ఎంత ధనము కేటాయింపబడినది? ఆ పనికి బాధ్యుడు ఎవరు? విశాఖపట్టణపు అధికారులు దీనికి బహిరంగముగా సమాధానమిత్తురని యెదురుచూచుచున్నాము.