వార్తల్లో పదం: ఆభా

చాలా ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ కౌంటర్ దగ్గర ఇప్పుడు క్యూఆర్ కోడ్ కనిపిస్తోంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు వంటి వివరాలు నేరుగా కౌంటర్‌కు చేరి టోకెన్ వస్తుంది. దీని వెనుక ఉన్నదే ఆభా, అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న 14 అంకెల సంఖ్య ఇది.

రక్తపరీక్షలు, స్కానింగ్ రిపోర్టులు, మందుల చీటీలను ఈ సంఖ్యకు జతచేసుకోవచ్చు. అవన్నీ ఢిల్లీలో ఒకేచోట పోగుపడవు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. కొత్త డాక్టరు వాటిని చూడాలంటే రోగి ఒప్పుకోవాలి. ఏ రికార్డులు, ఎన్నాళ్లు చూడవచ్చో రోగిదే నిర్ణయం. ఇచ్చిన అనుమతిని వెనక్కీ తీసుకోవచ్చు.

ఆభా తీసుకోవడం తప్పనిసరి కాదు.

తమ ఆరోగ్య వివరాలు బయటపడతాయేమోనన్న జనం భయం మాత్రం నిజమైనదే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగితే రోజుల తరబడి పనులు కాగితాల మీదే సాగాయి. హెచ్‌ఐవీ, మానసిక చికిత్స వంటి వివరాలు బయటికి పొక్కితే రోగి ఉద్యోగానికీ, పెళ్లి సంబంధానికీ ముప్పే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం భద్రతలో అలసత్వానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది.

చట్టంతోపాటు కౌంటర్ దగ్గరా జాగ్రత్త కావాలి. చదువురాని వృద్ధురాలి ఫోన్‌కు వచ్చిన ఓటీపీని మరొకరు టకటకా కొట్టేస్తే అది ఆమె అనుమతి కానేకాదు. దేనికి ఒప్పుకుంటున్నారో ముందుగా తెలుగులో చదివి వినిపించడం ఆసుపత్రుల బాధ్యత.