గ్రావెల్ సైక్లింగ్ అంటే ఏమిటి? స్పెయిన్‌లో మూతపడిన రైలు మార్గాలు సైకిల్ బాటలుగా ఎలా మారాయి?

‘గ్రావెల్’ అనే మాట తెలుగు వార్తల్లో సాధారణంగా ఒక ఫిర్యాదుతో కలిసి కనిపిస్తుంది. కొండను తొలిచి ఎర్రమట్టిని, మొరాన్ని లారీలకెత్తే వ్యవహారాన్ని మన పత్రికలు ‘గ్రావెల్ తవ్వకాలు’ అంటాయి. ఇదే మాట గత పదిహేనేళ్లుగా అమెరికా, ఐరోపాలలో ఒక సైకిల్ క్రీడకు పేరైంది. ఈ రెండు అర్థాలూ ఒకేచోట ఎదురుపడే ఊరు ఒకటుంది. స్పెయిన్ ఈశాన్య మూలన, కేటలోనియా ప్రాంతంలోని ఒలోత్. అక్కడి జనాభా నలభై వేలకు లోపే.

ముందుగా సైకిల్ సంగతి. చూడటానికి గ్రావెల్ సైకిల్ రోడ్డు పందేల సైకిల్‌లాగే ఉంటుంది. హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది, చట్రం తేలికగా ఉంటుంది. ప్రధానమైన తేడా టైర్లలో ఉంది. రోడ్డు సైకిల్ టైరు వెడల్పు సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లయితే, గ్రావెల్ టైరు 38 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో గాలి ఒత్తిడి దాదాపు సగమే. గాలి బిగుతుగా కొట్టిన సన్న టైరు రాయి ఎక్కినప్పుడల్లా సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది. ముందుకు సాగాల్సిన శక్తి ఆ కుదుపులో వృథా అవుతుంది. మెత్తని వెడల్పాటి టైరు మాత్రం రాయిని తనలోకి అదుముకుని దాటిపోతుంది. కాబట్టి కంకర మీద మెత్తని టైరే వేగంగా వెళ్తుంది. పల్లెటూళ్లలో ఎడ్లబాటల మీద సైకిల్ తొక్కినవారికి ఈ సూత్రం అనుభవంలో తెలిసినదే.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం 2006లో మొదలుపెట్టిన 200 మైళ్ల పందెం ఈ క్రీడకు పేరు తెచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ నిర్వహించింది. ఒలోత్‌కు పొరుగున ఉన్న జిరోనా నగరంలో 2019 నుంచి ‘త్రాకా’ అనే పందెం జరుగుతోంది. అందులో 360 కిలోమీటర్ల విభాగమూ ఉంది. అయితే ఈ ప్రాంతపు ఆకర్షణ పందేలు కావు. అక్కడికి వెళ్లే చాలామంది పోటీ పడరు, అడవుల గుండా నెమ్మదిగా సాగుతారు.

రైలు వదిలి వెళ్లిన దారి

ఒలోత్‌నూ జిరోనానూ కలుపుతూ ఒకప్పుడు ఒక నారోగేజ్ రైలు నడిచేది. స్థానికులు దాన్ని ‘కరిలెత్’ అని పిలిచేవారు. కాతలాన్ భాషలో ‘చిన్న రైలు’ అని ముద్దుగా అనటం అది. పట్టాల మధ్య దూరం 750 మిల్లీమీటర్లు. మన నౌపడా–పర్లాకిమిడి రైలు గేజ్ 762 మిల్లీమీటర్లు కాబట్టి దాదాపు అంతే. జిరోనా వైపు నుంచి తొలి భాగం 1895లో మొదలైంది. 1911 నాటికి రైలు ఒలోత్ చేరింది. లారీలూ బస్సులూ పెరిగాక ఆదాయం పడిపోయి 1969లో మూతపడింది.

పట్టాలు పీకేశారు. మిగిలింది సుమారు 55 కిలోమీటర్ల మట్టిదారి, దాని వెంట వంతెనలు, స్టేషన్ భవనాలు. ఇలాంటివి దేశమంతటా ఉన్నాయని గుర్తించిన స్పెయిన్, 1993లో ‘వియాస్ వెర్దెస్’ (హరిత మార్గాలు) కార్యక్రమం చేపట్టింది. రైల్వే ఫౌండేషన్ దాని సమన్వయ బాధ్యత తీసుకుంది. ఈనాడు ఆ మార్గాల నిడివి 3,000 కిలోమీటర్లు దాటింది.

రైలు దారి సైకిల్‌కు ఎందుకు అంతగా నప్పుతుంది? జవాబు ఇనుప చక్రంలో ఉంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. నిటారు ఎక్కుడు ఎదురైతే రైలు జారిపోతుంది. అందుకే రైల్వే ఇంజనీర్లు కొండను తొలిచి, లోయలో కట్ట పోసి, మలుపుల్ని సాగదీసి, ఎత్తును చాలా దూరానికి పంచుతారు. సుమారు 70 మీటర్ల ఎత్తున ఉన్న జిరోనా నుంచి 620 మీటర్ల ఎత్తున ఉన్న ఎన్ బాస్ కనుమ దాకా ఎక్కాలి. అయినా సగటున వంద మీటర్లకు మీటరున్నర కూడా పెరగదు. పదేళ్ల పిల్ల తొక్కగలదు, డెబ్భై ఏళ్ల తాతా తొక్కగలడు. పాత ఆవిరి ఇంజన్ బలహీనత ఈనాటి కుటుంబాలకు వరమైంది.

గ్రావెల్ సైక్లిస్టులకు చిక్కు కూడా అక్కడే వస్తుంది. పిల్లలతో, పాదచారులతో నిండిన దారిలో వేగంగా పోలేరు, పోకూడదు కూడా. అందువల్ల వారు హరిత మార్గాన్ని వెన్నెముకలా వాడుకుంటూ, మధ్యలో పక్కనున్న అటవీ బాటల్లోకి మళ్లుతారు. ఆ అడవి మామూలు అడవి కాదు.

లావా మీద మొలిచిన అడవి

ఒలోత్ చుట్టూ ఉన్న గరోచా ప్రాంతంలో దాదాపు 40 అగ్నిపర్వతాలున్నాయి. ఇప్పుడన్నీ నిద్రలో ఉన్నాయి. వాటిలో చిన్న వయసు వాటిలో ఒకటైన క్రోస్కాత్ పది వేల ఏళ్లకు పూర్వం కక్కిన లావా గడ్డకట్టి రాళ్ల మైదానంగా మారింది. దాని మీద ‘ఫజేడా దెన్ జోర్దా’ అనే బీచ్ వనం పెరిగింది. ఇక్కడ బీచ్ అంటే సముద్రతీరం కాదు, ఓక్ కుటుంబానికి చెందిన మహావృక్షం. ‘ఫజేడా’ అనే మాటకే బీచ్ చెట్ల తోపు అని అర్థం. దక్షిణ ఐరోపాలో ఈ చెట్లు మామూలుగా ఎత్తైన కొండల చల్లదనంలో కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం 550 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. కారణం తేమ. ఒలోత్‌లో వాన లేదంటే ఇంకెక్కడా లేనట్టేనని కేటలోనియాలో నానుడి.

ఆ లావా మీద మట్టి పొర పలచన. వేళ్లు రాళ్లను పట్టుకుని పైపైనే పాకుతాయి, వాటిని నాచు కప్పి ఉంచుతుంది. ఒక టైరు చారతో పెద్దగా నష్టం లేదు. కానీ ఒకరు తన దారిని ఫోన్ యాప్‌లో పంచుకుంటే, మరునాటి నుంచి వందల మంది అదే గీత వెంట వస్తారు. రక్షిత ప్రాంతంలో సైకిళ్లకు అనుమతించిన బాటలు వేరు, నడకదారులు వేరు. యాప్‌కు ఆ తేడా తెలియకపోవచ్చు. దారి మొదట్లో ఉన్న బోర్డుకు తెలుసు. బోర్డునే నమ్మటం మేలు.

ఇక తెలుగువారికి పరిచయమైన గ్రావెల్ విషయం. క్రోస్కాత్ కొండను నిర్మాణ సామగ్రి కోసం ఏళ్ల తరబడి తవ్వారు. అగ్నిపర్వతపు తేలికైన రాతిరవ్వకు గిరాకీ ఎక్కువ. స్థానికులు ఉద్యమించారు. 1982లో కేటలోనియా పార్లమెంటు చట్టం చేసి ఈ ప్రాంతానికి రక్షణ కల్పించింది. అయినా క్రోస్కాత్ తవ్వకాలు 1990ల ఆరంభంలో గానీ ఆగలేదు. కొండ పక్కన మిగిలిన ఆ కోతను పూడ్చలేదు. ఎరుపు, నలుపు పొరలు బయటపడిన ఆ గాయాన్నే నేడు సందర్శకులకు భూగర్భశాస్త్ర పాఠంగా చూపిస్తున్నారు.

అదే 1982లో ఒలోత్‌లో ఒక సహకార సంస్థ కూడా పుట్టింది. మానసిక అస్వస్థత, మేధో వైకల్యం ఉన్నవారికి నిజమైన ఉద్యోగాలివ్వాలని ఒక మనస్తత్వవేత్త దాన్ని స్థాపించారు. ఆయన పేరు క్రిస్తోబల్ కొలోన్, స్పానిష్‌లో కొలంబస్ పేరు కూడా అదే. బీచ్ వనం మధ్యలో ఉన్న ఆ సంస్థ పాడిక్షేత్రం నుంచి వచ్చే పెరుగుకు కేటలోనియా అంతటా పేరుంది.

మన దగ్గర ఇలాంటి దారులు లేవా అంటే, తక్కువే. మీటర్ గేజ్, నారోగేజ్ మార్గాలను చాలావరకు అదే గట్టు మీద బ్రాడ్ గేజ్‌గా మార్చేశారు. నౌపడా–గుణుపురం మార్గమూ అంతే. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో మాత్రం పాత మార్గాన్ని కొంతమేర వదిలి కొత్తది వేశారు. దొరబావి దగ్గర ఆనాటి వంతెన స్తంభాలు అడవిలో నిలిచే ఉన్నాయి. ఫొటోలు చూసి సైకిల్ ఔత్సాహికులు ఊరించుకోవచ్చు. కానీ అది పులులు తిరిగే అడవి. అక్కడ హరిత మార్గం వేయకపోవటమే సబబు.

ఒలోత్ వెళ్లదలచినవారికి ఒక మాట. అక్టోబరు చివర, నవంబరులో బీచ్ ఆకులు రాగిరంగుకు తిరిగే వేళ జనం విరగబడతారు. అడవి ముఖద్వారం దగ్గర కార్లు నిలిపే చోటు త్వరగా నిండిపోతుంది. ఊరి నుంచి అక్కడికి దూరం సుమారు 4 కిలోమీటర్లే.