ముహూర్తానికి అందని మీటరు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగర శివార్లలో మా కుమారుడు కట్టుకొన్న ఇంటికి శుక్రవారం తెల్లవారుజామున గృహప్రవేశ ముహూర్తం నిర్ణయమైంది. మేమూ మా శ్రీమతీ పది రోజుల ముందే చేరుకొన్నాము. రంగులు పూర్తయ్యాయి, మామిడాకులు సైతం సమకూరాయి. రావలసినది విద్యుత్తు ఒక్కటే.

విద్యుత్ రంగంలోనే సేవ చేసిన మాకు అక్కడి ఏర్పాటు వింతగా తోచింది. ఆ రాష్ట్రంలో 2002 జనవరి నుండి విద్యుత్ విక్రయంలో పోటీని అనుమతించారు. అధిక భాగంలో స్తంభాలు, తీగలు, మీటరు ఒక సంస్థవి. కరెంటు అమ్మి బిల్లు పంపేది మరొకటి. ఆస్టిన్, శాన్ ఆంటోనియో వంటి నగరాలలో మాత్రం పంపిణీ నగరపాలక సంస్థలదే. మావాడు పలువురు విక్రేతల ధరలను పోల్చి, అరగంటలో ఒకరిని ఎంచుకొని బుధవారానికి సరఫరా కోరాడు. మన సెక్షన్ కార్యాలయాల చుట్టూ జనం తిరిగే తిరుగుడు తలచుకొని, ఇంత సులభమా అనుకొన్నాము.

తొందరపడ్డాము. నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరు ఆమోదించనిదే తీగల సంస్థ మీటరు బిగించదు. గోడలు మూయకముందు ఒక తనిఖీ, అంతా ముగిశాక మరొకటి. వాటికి ఆధారం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. 1897లో తొలిసారి వెలువడిన ఆ ప్రమాణ గ్రంథాన్ని నేడు మూడేళ్ళకొకసారి సవరిస్తారు.

మంగళవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంటికి 200 ఆంపియర్ల ప్యానెల్. దీపాలకు 120 వోల్టులు, ఏసీకి 240. ఆయన మూత విప్పించి, టార్చి వేసి చూసి, ఒక ఖాళీ రంధ్రాన్ని వ్రేలితో చూపాడు. న్యూట్రల్‌ను ప్యానెల్ పెట్టెకూ ఎర్త్ తీగలకూ కలిపే ఆకుపచ్చని మర అక్కడ లేదు. తిరస్కరణ పత్రం వ్రాసి వెళ్ళిపోయాడు. మరల తనిఖీ సోమవారమే.

మాకు కోపం వచ్చిన మాట దాచము. "ఒక్క మర కోసం ముహూర్తం తప్పిపోవాలా? బిగించి ఫోటో పంపితే చాలదా?" అన్నాము. కాంట్రాక్టరు చేత ఒత్తిడి చేయించమని కూడ మావాడికి చెప్పాము. మా శ్రీమతి మెల్లగా అన్నది: "ఎర్తింగ్ లేని ఇంట్లో గీజరు తగిలి పోయిన పిల్ల సంగతి చెప్పి, ఎండాకాలమంతా మనింటి ఎర్తు గుంతలో నాచేత నీళ్ళు పోయించినది మీరు కాదూ?"

బదులు చెప్పలేకపోయాము. ఆ మర లేకపోయినా ఇంట దీపాలన్నీ వెలుగుతాయి. ఎవరికీ అనుమానం రాదు. ఏనాడో ఫ్రిజ్ పైతొడుగుకు కరెంటు తగిలితే మాత్రం బ్రేకరు ట్రిప్ కాదు. తాకిన వారి గతి ఏమిటో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

శుక్రవారం ప్రమిదల వెలుగులోనే, చిన్న గ్యాసు పొయ్యిమీద పాలు పొంగించాము. సోమవారం అదే ఇన్‌స్పెక్టరు వచ్చి, ప్యానెల్ తెరిపించి, మర బిగువును స్వయంగా పరీక్షించి ఆమోదపత్రం అతికించాడు. మరునాటి మధ్యాహ్నానికి మీటరు వచ్చింది. మావాడు స్విచ్ వేయబోగా ఆపి, ముందు ఆ మరను మేము మరొకసారి చూసుకొన్నాము.