నూలుపోగుపై వెండి మొలకలు

పట్టుచీర జరీలో వెండి ఉన్నది. కాని అది పోగుకు అంటుకొని లేదు. చదును చేసిన సన్నని వెండి తీగను దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న చీర మడతల వద్ద జరీ విరగడం తెలుగు గృహిణులకు తెలిసిన నష్టమే. నేటి రసాయన శాస్త్రజ్ఞులు వెండిని పోగుకు చుట్టక, పోగు మీదనే మొలిపిస్తున్నారు.

వెండి 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. నూలు అంతకు ఎంతో ముందే మాడిపోతుంది. కనుక పని నీటిలోనే జరగాలి. అయితే నూలులోని సెల్యులోజుకు లోహాన్ని గట్టిగా పట్టి ఉంచే గుణం తక్కువ.

దీనికి ఉపాయం సముద్రంలో దొరికింది. మస్సెల్ అనే ఆల్చిప్ప జాతి జీవి అలల తాకిడిలోనూ తడి బండను వదలదు. దాని జిగురు ప్రోటీనులలోని రసాయన సమూహాలు రెండూ డోపమీన్ అనే చిన్న అణువులో ఉన్నాయి. మన మెదడులో సందేశవాహకమైన డోపమీనే ఇది! స్వల్ప క్షారగుణం గల నీటిలో డోపమీన్ కలిపి ఏ వస్తువును ముంచినా, ఒక దినంలో దానిపై 50 నానోమీటర్ల వరకు ముదురు గోధుమరంగు పొర ఏర్పడుతుందని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో హేషిన్ లీ, ఫిలిప్ మెసర్‌స్మిత్ బృందం 2007లో ప్రకటించింది. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు.

ఈ పొర జిగురు మాత్రమే కాదు. వెండి అయానులకు ఎలక్ట్రానులనిచ్చి లోహకణాలుగా మారుస్తుంది. ఆ కణాలే విత్తనాలు. పిమ్మట అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్, గ్లూకోజులతో వాటిని పెంచవచ్చు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో పరీక్షనాళికకు వెండి అద్దం పట్టించిన చర్య ఇదే. (ఆ ద్రావణాన్ని నిల్వ ఉంచరాదు, ప్రేలుడు ప్రమాదమున్నది.)

కణాలు ఒకదానినొకటి తాకుతున్నంతవరకు పోగు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అల్లిన పట్టీ సాగితే ఎడములు ఏర్పడి నిరోధం పెరుగుతుంది; వదిలితే తగ్గుతుంది. ఛాతీకి కట్టిన పట్టీ ఊపిరిని లెక్కించగలిగేది ఇందువల్లనే.

చిక్కంతా చాకిరేవులో ఉన్నది. వేలసార్లు వంచినా చెడలేదన్న వార్త చదివినప్పుడు, ఎన్నిసార్లు ఉతికారని అడగడం న్యాయం. చెమటలోని, గాలిలోని గంధక సమ్మేళనాలు పూజాపాత్రలను నల్లబరచినట్లే ఈ వెండినీ నల్లబరుస్తాయి. గాఢ క్షారం డోపమీన్ పొరనే ఊడదీస్తుంది. పైన సిలికోన్ రబ్బరు పూస్తే వెండి నిలుస్తుంది గాని, గుడ్డ బిరుసెక్కి చెమటను పీల్చదు.