అరిగిన డిస్కు మళ్లీ పెరుగుతుందా?

నీళ్ల బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమంటుంది. నాలుగు రోజుల్లో తగ్గుతుందనుకున్న నొప్పి నాలుగు నెలలైనా వదలదు. స్కానింగ్ తీయిస్తే డిస్కు అరిగిందనీ, గుజ్జు జారిందనీ రిపోర్టు వస్తుంది. ఇక ఆపరేషనే గతి అని ఇంటిల్లిపాదీ దిగులు పడుతుంటే, ఇంజక్షన్‌తో గుజ్జును మళ్లీ పెంచే వైద్యం వచ్చిందని ఎవరో చెబుతారు. ఖర్చు మాత్రం లక్షల్లో. బంగారం తాకట్టు పెట్టయినా ఆ వైద్యం చేయించాలా, వద్దా? జవాబు కావాలంటే ముందు డిస్కు సంగతి తెలియాలి.

శివారు పొలం లాంటి డిస్కు

మన వెన్నులో మెడ దగ్గర 7, వీపులో 12, నడుములో 5 పూసలుంటాయి. ఆ కింది పూసలు అతుక్కుపోయి ఉంటాయి. పూసల నడుమ మెత్తల్లాంటి డిస్కులు మొత్తం 23. ప్రతి డిస్కుకూ వెలుపల నారపొరల గట్టి వలయం, లోపల జిగురు లాంటి గుజ్జు ఉంటాయి. గుజ్జులోని అగ్రెకాన్ అనే పదార్థం నీటిని పట్టి ఉంచుతుంది. పగలంతా శరీరం బరువుకు కొంత నీరు బయటికి పోయి, రాత్రి పడుకున్నాక తిరిగి చేరుతుంది. సాయంత్రం కంటే పొద్దున్నే మనం ఒక సెంటీమీటరు పైగా పొడుగ్గా ఉండటానికి కారణం ఇదే.

మన శరీరంలో రక్తనాళాలు లేని నిర్మాణాల్లో డిస్కే పెద్దది. వలయం అంచుల్లో తప్ప లోపల రక్తనాళాలుండవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి పలుచని మృదులాస్థి పలకల గుండా ఊరి వచ్చే ఆక్సిజను, గ్లూకోజులే లోపలి కణాలకు ఆధారం. కాలువ చివరనున్న శివారు పొలానికి నీరు ఎంత అందుతుందో, డిస్కు నడిబొడ్డున ఉన్న కణానికి తిండీ అంతే అందుతుంది. వయసు పైబడే కొద్దీ ఆ పలకలు గట్టిపడతాయి, తిండి దారి ఇంకా సన్నబడుతుంది. కణాలు తగ్గుతాయి, అగ్రెకాన్ తగ్గుతుంది, గుజ్జు ఎండుతుంది, వలయం పగుళ్లిస్తుంది. అరగడమంటే ఇదే.

బరువులు మోయడం వల్లే డిస్కులు అరుగుతాయని చాలాకాలం అనుకున్నారు. ఫిన్లాండులో కవల సోదరులపై జరిపిన అధ్యయనం 1995లో వెలువడ్డాక ఈ అభిప్రాయం మారింది. చేసిన పని కన్నా వంశపారంపర్యానిదే పెద్ద పాత్ర అని అందులో తేలింది. పొగతాగడం కూడా డిస్కుకు చేటు చేస్తుంది.

అరుగుదల వేరు, నొప్పి వేరు

జారిన గుజ్జు నరాన్ని ఒత్తితే కాలిలోకి నొప్పి పాకుతుందని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ వివరించారు. మెడలో అయితే ఆ నొప్పి చేతిలోకి దిగుతుంది. ఆ తర్వాత నడుము నొప్పులన్నిటికీ డిస్కునే దోషిని చేయడం అలవాటైంది. అయితే 1994లో అమెరికాలో ఏ నడుము నొప్పీ లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, వారిలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది! అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవారు 36 శాతమే. అంటే స్కానింగులో కనిపించే మార్పుల్లో చాలావరకు నెరిసిన జుట్టు లాంటివే.

మరి నొప్పి ఎక్కడిది? కండరాలు, పూసల కీళ్లు, స్నాయువులు కారణం కావచ్చు. అరిగిన డిస్కు పగుళ్లలోకి సన్నని నరాల కొనలు చొచ్చుకుపోయి బాధించడమూ ఉంది. మూడు నెలలు దాటిన నొప్పిలో ఇంకో చిక్కుంది. నాడీవ్యవస్థే అతిసున్నితమై, చిన్న కదలికనూ ప్రమాదంగా భావిస్తుంది. నిద్రలేమి, దిగులు, కదిలితే ఏమవుతుందోనన్న భయం దీనికి తోడవుతాయి.

కొత్త చికిత్సల సత్తా ఎంత?

ప్రకృతి కూడా కొంత మరమ్మతు చేస్తుంది. వలయం దాటి బయటపడిన గుజ్జును రక్షక కణాలు క్రమంగా తినేస్తాయి. అందుకే చాలామందికి కాలినొప్పి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. పోయిన గుజ్జును తిరిగి పెంచడం మాత్రం ఇంతవరకు తేలని సమస్య.

పి.ఆర్.పి. పద్ధతిలో రోగి రక్తాన్నే యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే రసాయనాలు కణాలను ఉత్తేజపరుస్తాయని ఆశ. 2016లో 47 మందిపై వెలువడిన పరీక్ష ఫలితాలు ఆశాజనకంగా కనిపించాయి. 2022 నాటి మరో చిన్న పరీక్షలో ఆ మేలు కనిపించలేదు.

రెండో పద్ధతి ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను డిస్కులోకి ఎక్కించడం. ఆస్ట్రేలియాకు చెందిన మెసోబ్లాస్ట్ సంస్థ 404 మందిపై జరిపిన మూడో దశ పరీక్ష అనుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2021లో వెల్లడైంది. కొందరిలో నొప్పి తగ్గినట్టు కనబడటంతో పరిశోధన కొనసాగింది. 2024లో వెలువడిన యూరప్ పరీక్షలో 114 మంది పాల్గొన్నారు. అందులోనూ ప్రధాన లక్ష్యాలు నెరవేరలేదు.

ఇది ఎందుకింత కష్టమో మన శివారు పొలమే చెబుతుంది. ఉన్న పైరుకే నీరు చాలని చోట కొత్త నారు పోస్తే బతుకుతుందా? అందుకే పరిశోధకులు ముందుగా ఆ నీటి దారి సంగతి చూడాల్సి వస్తోంది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధుల వంటివాటికి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలు ప్రయోగ దశలోనివే. ప్రయోగంలో చేరే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

ఇప్పుడు చేయవలసింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన ఉన్నాయి. మనకు బాగా అలవాటైన నడుము బెల్టునూ, ట్రాక్షన్‌నూ మామూలుగా వాడవద్దని ఆ సూచనలే చెబుతున్నాయి. మెడనొప్పికీ కదలికే మందు. గంటల తరబడి ఫోను మీదికి తల వంచకుండా మధ్యమధ్య లేచి తిరగాలి.

అయితే మల మూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలో చెయ్యో బలహీనపడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో, బరువు తగ్గడంతో కూడిన నొప్పిని అశ్రద్ధ చేయరాదు. వెన్నుపూసల క్షయ మన దేశంలో అరుదేమీ కాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అరిగిన డిస్కును తిరిగి పెంచుతుందని రుజువైన ఇంజక్షన్ ఇంతవరకూ లేదు. నొప్పి తగ్గడానికి డిస్కు తిరిగి పెరగాల్సిన అవసరమూ చాలామందికి లేదు. కాబట్టి తాకట్టు మాట పక్కన పెట్టి, రోజూ కాస్త నడక, వ్యాయామం మొదలుపెట్టడం మేలు.