పిల్లల నక్షత్రాన్ని పిల్లలకి చూపిద్దాం

గుడిలో అర్చన చేయిస్తున్నప్పుడు పూజారిగారు "గోత్రం, నక్షత్రం చెప్పు నాన్నా" అంటారు. పిల్లవాడు వెంటనే అమ్మ ముఖం చూస్తాడు. అమ్మ "రోహిణి" అంటుంది, వాడూ "రోహిణి" అంటాడు. అది నిజంగా ఉన్న చుక్క అనీ, జనవరిలో మన డ్రైవ్‌వేలో నిలబడితే కనిపిస్తుందనీ వాడికి ఎవరూ చెప్పరు. మనలోనూ చాలామందికి తెలియదు. ఈ పాఠం చెప్పాల్సి వచ్చేదాకా నాకూ తెలియదు.

కాబట్టి 27 పేర్లూ బట్టీ పట్టించకండి. ప్రతి పిల్లా, పిల్లవాడూ తన నక్షత్రం ఎటువైపు ఉందో వేలితో చూపించగలిగితే చాలు. మన తరగతులు పగటిపూట కదా, చూపించే పని తల్లిదండ్రులదే. టీచర్లు చేయాల్సింది ముందు సంగతి అర్థమయ్యేలా చెప్పడం.

చంద్రుడు ఒక చుక్క దగ్గర బయల్దేరి, ఆకాశమంతా చుట్టి, మళ్లీ ఆ చుక్క దగ్గరికి రావడానికి 27 రోజుల మీద కొన్ని గంటలు పడుతుంది. మన పెద్దవాళ్లు ఆ దారిని రోజుకో మజిలీ చొప్పున 27 భాగాలు చేసి, ఒక్కోదానికి అక్కడి చుక్కల పేరు పెట్టారు. "పాప రోహిణిలో పుట్టింది" అంటే, పాప పుట్టినప్పుడు చంద్రుడు రోహిణి మజిలీలో ఉన్నాడని అర్థం. ఇంతే. ఈ ఒక్కమాట పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

నెలల పేర్లు కూడా ఇక్కడివే. పున్నమి చంద్రుడు చిత్త దగ్గర ఉండే నెల చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, కృత్తిక దగ్గరైతే కార్తికం, మఖ దగ్గరైతే మాఘం. నక్షత్రాలు ఒకవైపు, నెలలు ఒకవైపు బోర్డు మీద రాసి, పిల్లల్నే జతచేయమనండి. అర్థం తెలియకపోయినా చెవితోనే సగం పట్టేస్తారు.

తాతగారు ఫోన్లో చెప్పే "కార్తె" మాత్రం చంద్రుడిది కాదు, సూర్యుడిది. మే చివర్లో సూర్యుడు రోహిణిలోకి వస్తాడు, అదే రోళ్లు పగిలే రోహిణి కార్తె. "అయితే అప్పుడు రోహిణి కనపడుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. కనపడదు, సూర్యుడు అక్కడే ఉన్నాడు కాబట్టి. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి వానలకి చేలల్లో మఖమల్ గుడ్డలా ఎర్రగా కనిపించేవి ఆరుద్ర పురుగులు. ఆకాశంలో ఆరుద్ర చుక్క కూడా ఎర్రటిదే! ఆ పోలిక పిల్లలు మర్చిపోరు.

ఇక చూడటం. అమెరికాలో దీనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, పిల్లలు పడుకునే వేళకి ముందే బాగా చీకటి పడుతుంది. జనవరిలో రాత్రి ఎనిమిదింటికి ఆగ్నేయం వైపు తిరగండి. దగ్గర దగ్గరగా, తిన్నగా వరసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. ముందు వాటిని పట్టుకోండి. వాటికి ఎడమవైపు కాస్త పైన ఎర్రగా ఉన్నది ఆరుద్ర. అదే మూడు చుక్కల గీతని కుడివైపు పైకి పొడిగిస్తే నారింజ రంగు చుక్క, అదే రోహిణి. ఇంకాస్త ముందుకెళ్తే చిన్న గుత్తి, కృత్తికలు. మామూలు కంటికి ఆరు కనపడతాయి. కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులు వీళ్లే. ఈ గుత్తి సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మీ పాప చూసే వెలుగు, 1591లో చార్మినార్ కట్టిన రోజులకి కాస్త అటూ ఇటూగా అక్కణ్ణుంచి బయల్దేరింది.

మఖ, చిత్త, స్వాతి వసంతంలో కనపడతాయి. జ్యేష్ఠ, మూల ఎండాకాలంలో దక్షిణాన, కిందుగా ఉంటాయి. శ్రవణం ఎండాకాలం చివర్లోనూ ఫాల్‌లోనూ బాగుంటుంది. ఆశ్లేష, శతభిషం, రేవతి లాంటివి మసక చుక్కలు, వీధి దీపాల మధ్య దొరకవు. ఆ పిల్లల్ని చిన్నబుచ్చకండి. చంద్రుడు వాళ్ల నక్షత్రంలో ఉన్న రాత్రి చంద్రుణ్ణే చూపించి "నీ చుక్క ఇవాళ ఇక్కడుంది" అనండి. పంచాంగం మాత్రం మన ఊరి సమయానికి లెక్కకట్టింది చూడండి, ఇండియా క్యాలెండరు పెట్టుకుంటే పూట తేడా వస్తుంది.

ఆ తేడానే ఆట చేయొచ్చు. రాత్రి ఎనిమిదింటికి చంద్రుడు ఏ చుక్క పక్కన ఉన్నాడో అమ్మమ్మని చూసిపెట్టమనండి. న్యూజెర్సీలో ఎనిమిదయ్యేసరికి, చలికాలంలో, మధ్యలో పదిన్నర గంటలు గడుస్తాయి. చంద్రుడు చుక్కల మధ్య గంటకి దాదాపు తన వెడల్పంత తూర్పుకి జరుగుతాడు. చెయ్యి చాచి మూడు వేళ్లు అడ్డంపెడితే ఎంతో, సుమారు అంత జరిగి ఉంటాడు. అమ్మమ్మా మనవరాలూ ఒకే చంద్రుణ్ణి చూసి లెక్కలు సరిచూసుకుంటారు, తెలుగులోనే!

ఒక జాగ్రత్త. మన తరగతుల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, జాతకాలు నమ్మని ఇళ్లూ ఉన్నాయి. నక్షత్రాన్ని బట్టి గుణాలు, ఫలితాలు చెప్పకండి, అది ఈ పాఠం కాదు. జన్మ నక్షత్రం తెలియని పిల్లలకి, చూడటానికి బయటికొచ్చిన రాత్రి చంద్రుడు ఏ చుక్క దగ్గరుంటే అదే వాళ్లది.

వచ్చే వారానికి ఇంటిపని: తమ ఊళ్లో ఈ చుక్కల్ని ఏమని పిలిచేవాళ్లో నానమ్మనో తాతనో అడిగి రాసుకురావాలి. కృత్తికల్ని పిల్లలకోడి అనేవాళ్లున్నారు. ఇలాంటి మాటలు ఎన్ని వస్తాయో చూడండి. ఆ రోజు మబ్బు పడితే మర్నాడు చూడొచ్చు, చుక్కలు ఎక్కడికీ పోవు. కోటు మాత్రం మర్చిపోకండి.