పాలు తాగింది, పక్క పొడిగానే ఉంది... మరెందుకీ ఏడుపు?

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లో ఒకరు ఉప్పుతో దిష్టి తీస్తారు, ఇంకొకరు గ్రైప్ వాటర్ సీసా వెతుకుతారు. అంతకన్నా ముందు మంచి వెలుతురులో బట్టలన్నీ విప్పి, మాడు నుంచి కాలి వేళ్ల దాకా చూడాలి.

ఏం చూడాలి? ముందు మేజోళ్లు తీయండి. కాన్పయిన మూడు నాలుగు నెలలకు తల్లికి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుకే ఒకటి మేజోడులో చేరి, బిడ్డ కాళ్లాడించేకొద్దీ వేలికి బిగుసుకుంటుంది. వేలికి చేరిన రక్తం వెనక్కి మళ్లలేక వేలు వాస్తుంది. వాచేకొద్దీ వెంట్రుక చర్మంలోకి దిగిపోయి కంటికి ఆనదు. ఒక్క వేలే ఎర్రగా ఉబ్బితే అనుమానించాల్సింది దీన్నే. మగపిల్లల అంగానికీ ఇలా చుట్టుకోవచ్చు. తేలిగ్గా ఊడిరాకపోతే బ్లేడు పట్టకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొలతాడు బిగిసిందా, చీమ కుట్టిందా, మెడ మడతలు ఒరిశాయా అన్నదీ చూడండి. గజ్జల్లోనో వృషణాల దగ్గరో ఉబ్బు ఉంటే ఆలస్యం చేయొద్దు. ఒక కన్నే మూసుకుని నీరు కారుస్తుంటే, తన గోరే గీసుకుని ఉండొచ్చు.

ఒంటి మీద ఏమీ లేకపోతే? ఏడుపు తీరు గమనించండి. పడుకోబెడితే ఎక్కువై, ఎత్తుకుంటే తగ్గితే చెవిపోటు కావచ్చు. చెవిలో నూనె మాత్రం పోయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ను పరీక్షే పట్టిస్తుంది. ఉన్నట్టుండి కెవ్వుమని కాళ్లు పొట్టకు ముడుచుకుని, కాసేపటికి సొమ్మసిల్లినట్టు వాలిపోయి, మళ్లీ అదే వరస మొదలైతే పేగులోకి పేగు దూరిందేమోనని చూడాలి. రక్తం కలిసిన విరేచనం అయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మరి సాయంత్రమయ్యేసరికి రోజూ మొదలయ్యే ఏడుపు? అమెరికా పిల్లల వైద్యుడు మోరిస్ వెసెల్ బృందం 1954లో దానికో కొలత పెట్టింది: రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా. అదే కోలిక్. సుమారు ఆరో వారంలో ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. బిడ్డ బాగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటేనే ఈ మాటతో ఊరట పడొచ్చు. 3 నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.

ఎత్తుకుని ఎత్తుకుని మీ ఓపికే నశిస్తే, వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పక్క గదిలోకి వెళ్లండి, తప్పు కాదు. విసుగులో గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు.